బహువార్షిక పూలమొక్కలు: ఆకురాలు కాలపు నాట్లు

సమశీతోష్ణ దేశాల తోటల్లో ఏడాదికి రెండు నాట్ల కాలాలు ఉంటాయి. మంచు కరిగాక వచ్చే వసంతం ఒకటి. ఆకులు పండి రాలే సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలు మరొకటి. ఈ రెండో కాలంలో నేలకు చేరే వాటిలో ముఖ్యమైనవి మెత్తని కాడలు గల బహువార్షిక పూలమొక్కలు. పియోనీ, ఐరిస్, ఫ్లాక్స్, హోస్టా, డేలిలీ, డెల్ఫినియం ఈ కోవలోవి. చలి ముదిరేసరికి వీటి పైభాగం ఎండి పడిపోతుంది. మొదలు, వేళ్లు, దుంపలు మట్టిలో బతికే ఉండి వసంతంలో మళ్లీ చిగురు తొడుగుతాయి. ఒక్క ఏడాదిలోనే పూసి, గింజ కట్టి, చచ్చిపోయే బంతి వంటి ఏకవార్షికాలు వేరు. కట్టెతేలిన కొమ్మలు చలికాలమంతా నిలిచి ఉండే గులాబీ వంటి పొదలు వేరు.

చుట్టూ తోటంతా వాడిపోతున్న రోజుల్లో కొత్త మొక్క నాటడం ఏమిటని అనిపించవచ్చు. అలా అనిపించేది మొక్కను ఆకుల్లో, పూలల్లో మాత్రమే చూసినప్పుడు. బహువార్షికానికి ప్రాణం వేరులో ఉంటుంది, ఆ వేరు పనిచేసే కాలం మనం పూలు చూసే కాలం కాదు. ఆకురాలు కాలపు నాట్లకు సంబంధించిన నియమాలన్నీ, మినహాయింపులన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి.

నేల వెచ్చదనం

వేసవంతా ఎండ తాగిన నేల ఒక్కసారిగా చల్లబడదు. సెప్టెంబరు చివరికి ఇంగ్లండులోనూ అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ రాత్రి గాలి చలి పుట్టిస్తుంది, కాని జానెడు లోతున మట్టి ఇంకా వెచ్చగానే ఉంటుంది. మట్టి ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీల సెల్సియస్‌కు దిగేదాకా చాలా రకాల వేళ్లు ఎంతో కొంత సాగుతూనే ఉంటాయి. వసంతంలో ఇందుకు విరుద్ధం. గాలి ముందుగా వేడెక్కి ఆకు పుడుతుంది. మంచునీటితో తడిసిన నేల మాత్రం చాలా రోజులు చల్లగానే ఉండి వేరును వెనక్కి లాగుతుంది.

పగలు కురచవుతున్న కొద్దీ మొక్క లోపల కూడా మార్పు వస్తుంది. కొత్త ఆకులు, కాడలు వేయడం తగ్గించి, వేసవిలో తయారుచేసుకున్న చక్కెరలను మొదలుకీ వేళ్లకీ దింపుకుంటుంది. అప్పుడే నాటిన మొక్క పైన పెద్ద ఆకుల గుంపును మోయనక్కర లేదు కాబట్టి ఉన్న శక్తి వేరుకు దక్కుతుంది. ఎండ తీవ్రత తగ్గి ఆకుల నుంచి ఆవిరయ్యే నీరూ తగ్గుతుంది. అందువల్ల నాటినప్పుడు తెగిన వేళ్లు మళ్లీ పుట్టేలోగా మొక్క దాహంతో వాడిపోయే ప్రమాదం తక్కువ. పశ్చిమ ఐరోపాలో ఈ నెలల్లో వానలూ పడుతుంటాయి కనుక నీళ్లు పోసే పనీ తేలికవుతుంది.

వసంతంలో నాటిన మొక్క వేరు వేయడం, ఆకు తొడగడం, మొగ్గ కట్టడం ఒకేసారి చేయాలి. ఆ ప్రయత్నం పూర్తికాక ముందే జూన్, జూలై ఎండలు మీద పడతాయి. ఆకురాలు కాలంలో నాటినదానికి అప్పటికే ఒక విడత వేళ్లు ఉంటాయి. మొదటి వేసవిని అది తట్టుకోవడంలో తేడా అక్కడే కనిపిస్తుంది.

మరో కారణం పూతకు సంబంధించినది. సమశీతోష్ణ మండలపు బహువార్షికాల్లో చాలావాటికి కొన్ని వారాల చలి గడిస్తే తప్ప పూమొగ్గ రాదు, లేదా నిద్రలో ఉన్న కన్ను చిగురించదు. చలికి ముందే నేలలో ఉన్న మొక్కకు ఈ అవసరం తనంతట తానే తీరుతుంది. పియోనీ హైదరాబాదులోనో విజయవాడలోనో పూయకపోవడానికి కారణం ఎరువు లోపం కాదు, దానికి కావలసిన చలి ఇక్కడ లేకపోవడం.

ఎప్పుడు

అందరికీ పనికొచ్చే తేదీ అంటూ లేదు, లెక్క ఉంది. నేల గడ్డకట్టే సమయానికి కనీసం ఆరు వారాల ముందు నాటాలి, వేళ్లు కుదురుకోవడానికి అంత వ్యవధి పడుతుంది. ఈ లెక్కన మిన్నెసోటా వంటి చలి రాష్ట్రాల్లో సెప్టెంబరు మధ్యకే పని ముగించాలి. న్యూజెర్సీలో సెప్టెంబరు అంతా, అక్టోబరు సగం వరకూ వీలుంటుంది. ఇంగ్లండు దక్షిణ ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరు నెలలు శ్రేష్ఠం. టెక్సస్, జార్జియా వంటి దక్షిణ రాష్ట్రాల్లో నేల గడ్డకట్టడం అరుదు. అక్కడ మొక్కను చంపేది చలికాలం కాదు, వేసవి. కాబట్టి అక్టోబరు, నవంబరు నాట్లు అక్కడ వసంతపు నాట్లకన్నా ఎంతో మేలు.

ఏ మొక్క ఎంత చలికి నిలుస్తుందో చెప్పడానికి అమెరికా వ్యవసాయ శాఖ 1960లో ఒక పటం తయారుచేసింది. ఏటా నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటును బట్టి దేశాన్ని మండలాలుగా విభజించిన ఈ పటాన్ని 1990లో, 2012లో, 2023లో సవరించారు. ఇప్పుడున్నవి 13 మండలాలు. 5వ మండలంలో ఈ సగటు సుమారు మైనస్ 29 నుంచి మైనస్ 23 డిగ్రీల సెల్సియస్. 8వ మండలంలో మైనస్ 12 నుంచి మైనస్ 7. 1991–2020 మధ్య లెక్కలతో వేసిన తాజా పటంలో దేశంలో దాదాపు సగభాగం అరమండలం మేర వెచ్చని వైపు జరిగింది. బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ హెచ్1 నుంచి హెచ్7 వరకు వేరే కొలమానం వాడుతుంది. అందులో హెచ్7 అంటే మైనస్ 20కి దిగువన కూడా నిలిచే మొక్క.

ఈ పటం, కొలమానం చెప్పేది కుదురుకున్న మొక్క గురించి. నిన్నగాక మొన్న నాటిన దానికి అంత ఓర్పు ఉండదు. అందుకే తమ మండలానికి అంచున ఉన్న రకాలను వసంతానికి వదిలేయడం మంచిది.

ఏవి నాటాలి, ఏవి ఆపాలి

తోటమాలులు తరతరాలుగా పాటిస్తున్న సూత్రం ఒకటి ఉంది: వసంతంలోనూ వేసవి తొలిరోజుల్లోనూ పూసేవాటిని ఆకురాలు కాలంలో విడదీసి నాటాలి, వేసవి చివర, ఆకురాలు కాలంలో పూసేవాటిని వసంతంలో నాటాలి. పూత ముగించుకుని తీరిగ్గా ఉన్న మొక్క వేరు మీద శక్తి పెట్టగలదు. పూతలో ఉన్నది పెట్టలేదు.

ఈ సూత్రానికి నిండైన ఉదాహరణ పియోనీ. మెత్తని కాడల పియోనీని నాటే అసలు కాలం ఆకురాలు కాలమే. వసంతంలో నాటినా బతుకుతుంది కాని ఏడాది వెనకబడుతుంది. లావాటి వేళ్ల మీద, మొదలు దగ్గర ఎర్రని కళ్లు ఉంటాయి, చెరకు గడ మీద కళ్లలాగా. విడదీసిన ప్రతి ముక్కకూ మూడు నుంచి ఐదు కళ్లు ఉండేలా కోయాలి. నాటేటప్పుడు ఆ కళ్లు మట్టికి 3 నుంచి 5 సెంటీమీటర్ల కన్నా కింద ఉండకూడదు. లోతుగా పెట్టిన పియోనీ ఏళ్ల తరబడి పచ్చగా, ఏపుగా పెరుగుతుంది, పూలు మాత్రం ఇవ్వదు. మూడు వేళ్ల మందం మట్టి ఎక్కువై పూత ఆగిపోయిన పియోనీలు ఎన్నో తోటల్లో కనిపిస్తాయి. నిండు పూత రావడానికి రెండు, మూడేళ్లు పడుతుంది. ఆ తర్వాత కదపకుండా వదిలేస్తే యాభై ఏళ్లకు పైగా అదే చోట పూస్తుంది. నాటినవారి మనుమలు కోసుకున్న పూలూ ఉన్నాయి. చైనాలో దీని బంధువైన చెట్టు పియోనీని పెంచిన చరిత్ర చాలా పాతది. 11వ శతాబ్దపు పండితుడు ఔయాంగ్ షియు లుయోయాంగ్ నగరపు పియోనీల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు.

గడ్డపు ఐరిస్ కాలం ఇంకా ముందుది, జూలై నుంచి సెప్టెంబరు వరకు. అల్లం జాతి మొక్కల్లో ఉండేలాంటి అడ్డదుంపలు దీనివి. పియోనీలో కళ్లను పలచగా మట్టి కప్పాలంటే, ఐరిస్‌లో దుంప వీపు మట్టి పైకి కనిపిస్తూ ఎండ తగలాలి. పూర్తిగా కప్పేస్తే కుళ్లుతుంది. మూడు, నాలుగేళ్లకోసారి దుంపలను తవ్వి, నడిమధ్య ముసలి భాగాన్ని పారేసి, అంచుల్లోని లేత ముక్కలను మాత్రం నాటుతారు.

తూర్పు టర్కీ, కాకసస్ కొండలు, ఉత్తర ఇరాన్ ప్రాంతాలకు చెందిన ఓరియంటల్ గసగసాల మొక్క తీరు మరీ విచిత్రం. ఎర్రని పెద్ద పూలు పూసి, నడివేసవిలో ఆకులన్నీ పోగొట్టుకుని నిద్రపోతుంది; వేసవి చివర మళ్లీ ఆకు వేస్తుంది. లోతైన తల్లివేరు కనుక కదిపితే ఒప్పుకోదు. ఆ నిద్ర నుంచి లేస్తున్న ఆగస్టు చివర, సెప్టెంబరు తొలివారాలే దాన్ని ముట్టుకోదగిన కాలం.

డేలిలీ, హోస్టా, ఫ్లాక్స్, జెరానియం ఈ కాలపు నాట్లకు పేచీ పెట్టవు.

ఆపవలసినవి కూడా చెప్పాలి. ఆస్టర్లు, చామంతులు, జపాన్ ఎనిమోనీలు ఈ కాలంలో పూతలో ఉంటాయి. మిస్కాంథస్, పానికమ్ వంటి ఎత్తయిన అలంకార గడ్డిజాతులు నేల వేడెక్కితేనే వేరు వేస్తాయి; వాటిని అక్టోబరులో విడదీస్తే చల్లని తడిమట్టిలో మొదలు కుళ్లుతుంది. లావెండర్, పెన్‌స్టెమన్, గౌరా వంటివి చలికన్నా తడికి ఎక్కువ భయపడతాయి. ఇసుక నేలలో వీటిని ఇప్పుడే నాటవచ్చు, బంకమట్టిలో వద్దు.

నాటే తీరు

తోటలో పాత మొక్కను విడదీయాలంటే ముందుగా కాడలను జానెడు ఎత్తుకు కోసి, చుట్టూ తవ్వి వేరుముద్దను పైకి లేపుతారు. పిలకలుగా విడిపోయేవి చేతికే వస్తాయి. హోస్టా, డేలిలీ ముదిరిన గుబుర్లకు పారో పదునైన కత్తో కావాలి. విడదీసిన ముక్కలు గాలికి ఎండిపోకుండా తడి గోనె కప్పి ఉంచాలి.

కుండీలో కొన్న మొక్కకు వేరే జాగ్రత్త ఉంది. వేసవంతా అమ్ముడుపోక మిగిలినది కనుక వేళ్లు కుండీ గోడ వెంట చుట్టలు చుట్టుకుని ఉంటాయి. ఆ చుట్టను విప్పకుండా నాటితే వేరు పక్క మట్టిలోకి పోకుండా ఏడాది గడిచినా కుండీ ఆకారంలోనే ఉంటుంది. అంచులను వేళ్లతో విప్పాలి, కుదరకపోతే కత్తితో మూడు నాలుగు గాట్లు పెట్టాలి. గుంత వేరుముద్దకు రెట్టింపు వెడల్పు ఉండాలి గాని అంతకన్నా లోతు అక్కర లేదు. కింద వదులు మట్టి ఉంటే మొక్క దిగబడి మొదలు పూడిపోతుంది.

ఈ కాలంలో నత్రజని ఎరువు వేయకపోవడమే మంచిది. అది లేత చిగుళ్లను పుట్టించి, వాటిని మొదటి మంచుకు బలి ఇస్తుంది. బాగా చివికిన కంపోస్టు మట్టిలో కలిపితే చాలు. నాటిన రోజున నిండుగా నీళ్లు పోయాలి, వాన లేని వారాల్లో నేల గడ్డకట్టేదాకా పోస్తూనే ఉండాలి. చల్లగా ఉంది కదా అని నీళ్లు మానేయడం వల్ల పోయే మొక్కలు ఎక్కువ.

చలికాలపు చేటు

కొత్త మొక్కకు నిలకడగా ఉండే చలికన్నా, మాటిమాటికీ గడ్డకట్టి కరిగే నేల ప్రమాదం. మట్టిలోని నీరు మంచుగా మారి ఉబ్బినప్పుడు, ఇంకా పట్టు దొరకని వేరుముద్ద పైకి తోసుకొస్తుంది. కరిగాక మళ్లీ కిందికి దిగదు. నాలుగైదుసార్లు ఇలా జరిగితే మొక్క మొదలు గాలికి బయటపడి ఎండిపోతుంది. బంకమట్టిలో, చిన్న మొక్కల్లో ఇది ఎక్కువ. దీనికి విరుగుడు ఆకుచెత్త, గడ్డి, చెక్కపొట్టు వంటి వాటితో కప్పడం. అయితే కప్పేది మొక్కను వెచ్చగా ఉంచడానికి కాదు, గడ్డకట్టిన నేలను అలాగే ఉంచడానికి. అందుకే చలి రాష్ట్రాల్లో నేల బిగిశాకే ఈ కప్పు వేస్తారు. ముందే మందంగా వేస్తే మొదలు దగ్గర తడి చేరి కుళ్లుతుంది, ఎలుకలూ గూడు పెడతాయి. మంచు దట్టంగా పడి వసంతం దాకా నిలిచే చోట ఆ మంచే మంచి కప్పు. పడి కరిగిపోయే చోట్లలోనే తోటమాలి కప్పు అవసరం ఎక్కువ.

ఎండిన కాడలను కోసేయాలా వద్దా అన్నదానిపై అభిప్రాయం మారింది. పాత పద్ధతిలో నవంబరుకల్లా తోటంతా నున్నగా కోసేవారు. ఇప్పుడు చాలామంది వసంతం వరకు ఉంచుతున్నారు. కాడలు రాలిన ఆకులను పట్టి మొదలుకు కప్పుగా నిలుపుతాయి, గింజలు పక్షులకు ఆహారమవుతాయి, బోలు కాడల్లో చిన్న తేనెటీగ జాతులు తలదాచుకుంటాయి. తెగులు సోకిన పియోనీ, ఐరిస్ ఆకులను మాత్రం తప్పకుండా తీసేయాలి.

తోటల చరిత్రలో

19వ శతాబ్దపు విక్టోరియా కాలపు తోటల్లో ఆడంబరమంతా గాజు ఇళ్లలో పెంచి వేసవికి బయట నాటే ఉష్ణమండలపు మొక్కలదే. ప్రతి ఏడాదీ కొత్తగా నాటడం, చలి రాగానే పీకేయడం. ఐర్లండులో పుట్టిన విలియం రాబిన్‌సన్ 1870లో వెలువరించిన 'ది వైల్డ్ గార్డెన్' ఈ ధోరణిని ఎదిరించి, చలికి నిలిచి ఏటా తిరిగివచ్చే మొక్కల పక్షాన నిలబడింది. అతని సమకాలికురాలు గెర్‌ట్రూడ్ జెకిల్ సర్రీలోని మన్‌స్టెడ్ వుడ్‌లో బహువార్షికాల వరసలను రంగుల క్రమంలో తీర్చి ఇంగ్లిషు తోటకు కొత్త రూపం ఇచ్చింది. జర్మనీలో పోట్స్‌డామ్ దగ్గరి బోర్నిమ్‌లో కార్ల్ ఫెర్‌స్టర్ ఫ్లాక్స్, డెల్ఫినియం రకాలను అభివృద్ధి చేస్తూ, గడ్డిజాతులకు పూలమడిలో చోటు కల్పించాడు. అతని పేరు పెట్టిన నిటారు గడ్డిని నేటికీ ప్రపంచమంతటా నాటుతున్నారు.

వీరందరి కాలంలో నర్సరీలు మొక్కలను పొలంలో పెంచి, నిద్రావస్థలో తవ్వి, మట్టి లేని వేళ్లతో పంపేవి. కొనుగోలు, నాట్లు అక్టోబరు నుంచి మార్చి లోపలే జరిగేవి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్లాస్టిక్ కుండీలు, కార్లలో వచ్చి కొనుక్కుపోయే గార్డెన్ సెంటర్లు విస్తరించాయి. మొక్క ఏడాది పొడవునా దొరకడం మొదలైంది, పూతలో ఉన్నప్పుడే బాగా అమ్ముడుపోవడమూ మొదలైంది. కొనేవారు పువ్వును చూసి కొంటారు కాబట్టి ఏప్రిల్, మే నెలలు అంగడి కాలమయ్యాయి. ఆకురాలు కాలం వెనకబడటానికి కారణం వ్యాపారమే గాని మొక్క స్వభావం కాదు. అక్టోబరులో అంగట్లో మిగిలిన వాడిపోయిన ఆకుల కుండీ తక్కువ ధరకు దొరుకుతుంది; వేరు తెల్లగా, గట్టిగా ఉంటే దానికన్నా మంచి బేరం లేదు.

20వ శతాబ్దం చివరి నుంచి నెదర్లండ్స్‌కు చెందిన పీట్ ఔడాల్ఫ్ వంటివారి ప్రభావంతో బహువార్షికాలకు మళ్లీ గౌరవం పెరిగింది. షికాగోలో 2004లో తెరిచిన లూరీ గార్డెన్, న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద 2009లో మొదటి భాగం తెరిచిన హై లైన్ అతని నాట్ల పథకాలతో రూపొందినవే. హై లైన్‌లో ఎండిన కాడలను చలికాలమంతా నిలబెట్టి వసంతారంభంలో కోస్తారు. ఇంగ్లండులోని ఎసెక్స్‌లో బెత్ చాటో ఒకప్పటి కార్ల నిలుపుదల స్థలాన్ని గులకరాళ్ల తోటగా మార్చి, నాటి కుదురుకున్నాక నీళ్లు పోయకుండా పెంచి చూపింది. నేలకు తగిన మొక్కను ఎంచితే వేరు తన దారి తాను వెతుక్కుంటుందనడానికి ఆ తోట నిదర్శనం.

గింజలు, ధాన్యం

మొక్కలే కాక గింజలు చల్లడానికీ ఇది కాలమే. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు తినే జిల్లేడు కుటుంబపు మిల్క్‌వీడ్‌తో సహా ఉత్తర అమెరికా ప్రెయిరీ మొక్కల్లో చాలావాటి గింజలు చల్లని తడిలో కొన్ని వారాలు గడిపితేనే మొలకెత్తుతాయి. నవంబరులో చల్లితే శీతాకాలమే ఆ పని చేసిపెడుతుంది. కాన్సస్ రాష్ట్రం సలీనాలో 1976లో స్థాపించిన ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ అభివృద్ధి చేస్తున్న బహువార్షిక ధాన్యం కెర్న్‌జాను కూడా వేసవి చివర, ఆకురాలు కాలం మొదట్లోనే విత్తుతారు. చలి గడవందే అది కంకి వేయదు. దాని వేళ్లు 3 మీటర్ల దాకా దిగుతాయి.

తెలుగువారి తోటల్లో

తెలుగు నేలలో మొక్కల క్యాలెండరును నడిపేది మంచు కాదు, వాన. ఇక్కడ చామంతి పిలకలు, మల్లె అంట్లు తొలకరి తర్వాత నాటుతారు. కడియం నర్సరీల్లో దొరికే బహువార్షికాలకు విదేశీ తోట పుస్తకాల తేదీలు వర్తించవు. దేశంలో ఆ తేదీలు సరిపోయేది కశ్మీర్ వంటి హిమాలయ ప్రాంతాల్లోనే. అక్కడ శ్రీనగర్ ట్యులిప్ తోటలో దుంపలను చలికి ముందే నాటుతారు.

విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం ఇది నేరుగా పనికొచ్చే విషయం. న్యూజెర్సీలోనో షికాగోలోనో సెప్టెంబరులో చేయవలసిన పనులు రెండు రకాలు. రాత్రి చలి 10 డిగ్రీలకు దిగేలోగా కరివేపాకు, మల్లె, తులసి కుండీలను ఇంట్లోకి చేర్చాలి. అవి మనకు బహువార్షికాలే, అక్కడి చలికి కావు. అవి ఖాళీచేసిన పెరట్లో పియోనీ, ఐరిస్ నాటవచ్చు. మెల్‌బోర్న్‌లో ఆకురాలు కాలం మార్చి నుంచి మే వరకు కాబట్టి ఈ నాట్లు ఉగాది రోజుల్లో పడతాయి.

అమెరికాలో బతుకమ్మ నాటికి ప్రతి అంగడి ముందూ చామంతి కుండీలు బారులు తీరి ఉంటాయి. బతుకమ్మ పేర్చడానికి కోయగా మిగిలిన మొక్కను పెరట్లో పాతి, వచ్చే ఏడాది పూస్తుందని ఎదురుచూసేవారు చాలామంది. చలి రాష్ట్రాల్లో అవి ఎక్కువగా బతకవు. శక్తంతా పూతకు పోయి ఉంటుంది, వేళ్లు పైపైనే ఉంటాయి, కుదురుకునే వ్యవధి ఉండదు. చలికి ఓర్చే తోట చామంతి రకాన్ని ఎంచి, ఏప్రిల్ చివర లేదా మేలో నాటి, జూలై మొదటి వారం వరకు కొసలు తుంచుతూ పోతే పక్క కొమ్మలు వేసి గుబురు కడుతుంది. అప్పుడు సెప్టెంబరు చివరికి మొగ్గ విచ్చి, పూత అయ్యాక చలికి నిలిచేంత వేరు దానికి ఉంటుంది.